తప్పిన చుక్క, కొబ్బరి పువ్వు

పోయిన నెల అరటి టిష్యూ కల్చర్ గురించి, అంటే మొక్కలోంచి చిన్న ముక్క కోసి సీసాలో పెంచి మొక్కలు చేయడం గురించి, నాలుగు మాటలు రాసిన పాపానికి ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా కొబ్బరి, తాటి, పామాయిల్ మీదే వచ్చాయి. ఒకాయన ఏకంగా కొబ్బరికాయే పంపారు. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి మెట్లెక్కిన కొరియర్ కుర్రాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "మేడమ్, లోపల ఏదో గలగలమంటోంది, పర్లేదా" అని అడిగాడు. పర్లేదన్నాను. ఆ కాయ సంగతి కింద వస్తుంది.

ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పాను. దానికి ముందు మూడేళ్లు విజయవాడ దగ్గర ఒక ల్యాబులో సీసాల్లోకి మీడియా, అంటే ఆ ముక్కలు పెరిగే పోషకాల జెల్లీ, కలిపే ఉద్యోగం చేశాను. ఈ నెల జవాబుల్లో ఆ మూడేళ్లే ఎక్కువ మాట్లాడతాయి, కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. ఎనిమిదెకరాల పామాయిల్ తోట. అందులో బోరు పక్కనున్న ఒక చెట్టు మిగతావాటిని మించి కాస్తోంది, గెల కూడా బాగా తూగుతోంది. అరటికి చేసినట్టు దీన్నీ టిష్యూ కల్చర్ చేయించి తోటంతా అదే వేసుకోవచ్చు కదా? ఎవరినడిగినా నవ్వుతున్నారు. పోనీ దాని గింజలే మొలకెత్తించుకోమంటారా?
(ఒక రైతు)

జవాబు: చివరి మాటకు ముందు చెప్తాను. గింజలు వద్దే వద్దు. మీ తోటలో ఉన్నవి టెనెరా మొక్కలు. పెంకు మందంగా ఉండే డ్యూరా తల్లి పువ్వుకు, పెంకే లేని పిసిఫెరా పుప్పొడి అద్దితే పుట్టిన సంకరం. మీ గెలలో కాయ కోస్తే పెంకు పలచగా, గుజ్జు దండిగా ఉండేది అందుకే. ఇప్పుడు మీ మంచి చెట్టు మీద పడేది చుట్టూ ఉన్న టెనెరాల పుప్పొడే. అలా పుట్టిన నాలుగు గింజల్లో సగటున రెండు టెనెరా, ఒకటి డ్యూరా, ఒకటి పిసిఫెరా. బడిలో చదివిన మెండెల్ బఠానీల లెక్కే ఇది. 1941లో కాంగోలో పనిచేసిన బెల్జియం శాస్త్రవేత్తలు పామాయిల్ పెంకు విషయంలో దీన్ని తేల్చారు. పిసిఫెరా చెట్లలో చాలావాటికి గెల నిలవదు. అంటే ఎకరానికి వేసే 57 చెట్లలో ఓ పద్నాలుగు పెంకులు కాస్తాయి, ఇంకో పద్నాలుగు ఆకులే కాస్తాయి. పాతికేళ్లు వాటికి ఎరువు వేసి, మట్టలు కొట్టి, డ్రిప్పు పెట్టుకుంటూ కూర్చోవాలి.

రెండోది. బోరు పక్క చెట్టు అన్నారు చూశారా, నా అనుమానం అక్కడే. అది జాతి గొప్పో నీళ్ల గొప్పో ముందు తేలాలి. టిష్యూ కల్చర్ చెట్టుకు నకలు తీస్తుంది గానీ బోరుకు తీయదు.

ఇక అసలు సంగతి. అరటికి సాధ్యమైంది పామాయిల్‌కు ఎందుకు కష్టం? అరటి దుంపలో పిలకలు వేసే గుణం పుట్టుకతోనే ఉంది. పిలక మొన కోసి, బెంజైల్ అడెనిన్ అనే సైటోకైనిన్ హార్మోను కలిపిన జెల్లీ మీద పెడితే, అణిగి ఉన్న మొగ్గలు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. విడదీసి మళ్లీ పెడితే మళ్లీ లేస్తాయి. దుగ్గిరాల, కొల్లిపర వైపు తోటల్లో మీరు చూసే గ్రాండ్ నైన్ టిష్యూ మొక్కల వెనకున్న కథ ఇంతే. అక్కడ హార్మోను పని నిద్ర లేపడం వరకే.

పామాయిల్ చెట్టుకు ఉన్నది ఒక్క మొవ్వు. పిలకలూ లేవు, కొమ్మలూ లేవు. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. లేపడానికి అక్కడ నిద్రపోతున్న మొగ్గంటూ ఏదీ లేదు. కాబట్టి ఆకులోని మామూలు కణాన్ని పట్టుకుని, నువ్వు ఆకువి కావు, గింజలో పుట్టే పిండానివి అని నమ్మించాలి. ఆ నమ్మించే పనే ఆక్సిన్ హార్మోనులది.

మొవ్వులో ఇంకా విచ్చుకోని ఆకుల చుట్ట ఉంటుంది, ఎండ చూడక దంతంలా తెల్లగా. దాన్ని, పెరిగే మొన తెగకుండా, జాగ్రత్తగా కోసి తీస్తారు. అగ్గిపుల్ల మందం ముక్కలు చేసి, ఆక్సిన్ ఉన్న మీడియా మీద చీకట్లో పెడతారు. వారాలు కాదు, నెలలు కూర్చోవాలి. కోసిన అంచు మెల్లగా ఉబ్బి, విరిగిన పాలలా గడ్డగడ్డలుగా పైకి వస్తుంది. దాన్ని కాలస్ అంటారు. ఆ కాలస్‌లో ఏ కొంతలోనో నున్నటి, లేత పసుపు బొడిపెలు కనిపిస్తాయి. అప్పుడు ఆక్సిన్ తగ్గిస్తారు. బొడిపెలు పిండాలవుతాయి, పిండాలు గుత్తులు కడతాయి, గుత్తిలో ఆకుపచ్చ మొన లేస్తుంది, చివరికి వేళ్ల కోసం మళ్లీ కాసింత ఆక్సిన్. మొదటి కోత నుంచి మొక్క సంచిలోకి రావడానికి రెండేళ్లు దాటుతుంది. పెట్టిన ముక్కల్లో చాలావాటికి కాలస్ రాదు. వచ్చిన కాలస్‌లో చాలావాటికి పిండం రాదు. ఖరీదు అక్కడే పెరుగుతుంది.

ఇంత చేసినా అయిపోలేదు. ఇంగ్లండు, ఫ్రాన్సు శాస్త్రవేత్తలు 1970లలోనే ఈ పద్ధతి పట్టారు. మలేసియాలో తోటలు వేశారు. నర్సరీలో మొక్కలు నవనవలాడుతూ ఉన్నాయి. పొలంలో గెల వేసే వయసొచ్చాక కొన్ని చెట్ల కాయలు చూసి కడుపు మండింది. కాయ చుట్టూ అదనంగా కండ పట్టిన రెక్కలు, కాయకు శాలువా కప్పినట్టు. మగ భాగాలు కావలసినవి ఆడ భాగాలుగా మారిపోయాయన్నమాట. ఇంగ్లీషులో దీన్ని మాంటిల్డ్ అన్నారు. ముదిరితే కాయ నూనె పట్టకుండానే పోతుంది. 1986లో ఈ రోగం సంగతి శాస్త్ర పత్రికల్లో పడ్డాక, ఆ క్లోన్ల మీద మోజు ఒక్కసారిగా చల్లారింది.

అదే జన్యువులున్న నకలుకు వేరే కాయ ఎందుకు? దీనికి జవాబు దొరకడానికి 2015 దాకా పట్టింది. మలేసియా పామాయిల్ బోర్డు శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, పువ్వు భాగాలను నిర్ణయించే ఒక జన్యువు మధ్యలో, ఎప్పుడో దూరి కూర్చున్న ఒక డీఎన్ఏ ముక్క ఉంది. మామూలు చెట్టులో దాని మీద మిథైల్ అనే రసాయన మూత బిగించి ఉంటుంది, అది నోరెత్తదు. సీసాలో గడిపిన కాలంలో కొన్ని కణాల్లో ఆ మూత ఊడిపోతుంది. అక్షరాలు మారవు, మూత మారుతుంది. ఆ డీఎన్ఏ ముక్క పేరేమిటో తెలుసా? కర్మ. అవునండీ, శాస్త్రవేత్తలే పెట్టారు. మూత ఉంటే మంచి కర్మ, ఊడితే చెడు కర్మ అని వ్యాసంలో రాశారు కూడా. మా క్లాసులో ఇది చెప్పిన రోజు వెనక బెంచీలు కూడా నిద్ర లేచాయి.

మూత ఉందో లేదో ఆకు ముక్కలోనే పరీక్ష చేసి చూసే దారి దీంతో దొరికింది. కాబట్టి మీ మీద నవ్వినవాళ్లు పూర్తిగా కరెక్టు కాదు. పని జరుగుతోంది, మీ ఒక్క చెట్టు కోసం మాత్రం ఎవరూ చేయరు. మీరు చేయగలిగిందొకటి ఉంది. ఆ చెట్టుకూ, బోరుకు అంతే దూరంలో ఉన్న ఇంకో నాలుగు చెట్లకూ సున్నంతో నంబర్లు వేసి, మూడు నాలుగేళ్లు ప్రతి కోతలో గెలల లెక్క, బరువు నోటుబుక్కులో రాయండి. తేడా నిలబడితే ఆ పుస్తకం పట్టుకుని పెదవేగి ఆయిల్ పామ్ పరిశోధన సంస్థకు వెళ్లండి. మీకు దగ్గరే. మంచి తల్లిచెట్ల కోసం వెతికే వాళ్లకు, మా చెట్టు బాగా కాస్తుందండీ అనే మాట కంటే ఆ నోటుబుక్కు విలువైంది.

ప్రశ్న: గుంటూరులో బి.ఎస్సీ. బయోటెక్నాలజీ చదువుతున్నాను. మా నాన్న వరిలో కలుపు చావడానికి 2,4-డి కొడతారు. క్లాసులో అదే 2,4-డి పెడితే ఖర్జూరంలో పిండాలు వస్తాయంటున్నారు. చంపేదే పుట్టిస్తుందా? పైగా ఆ మీడియాలో బొగ్గు పొడి కూడా కలుపుతారట, అది హార్మోనును పీల్చేస్తుందట. ఇచ్చే చేత్తోనే లాక్కోవడం ఎందుకు మేడమ్?
(ఒక విద్యార్థిని)

జవాబు: ఇచ్చే చేత్తోనే లాక్కోవడం! అమ్మాయీ, ఈ మాట ముప్పై ఐదేళ్ల కింద నాకెవరైనా చెప్పి ఉంటే మూడు నెలల పని మట్టిలో పోసేదాన్ని కాదు.

ముందు చంపడం. మీ నాన్నగారు 2,4-డి కొట్టినప్పుడు గాలికి పక్క చేలోని పత్తి మీద తుంపర పడటం ఎప్పుడైనా చూశావా? పత్తాకు బెండాకులా వేళ్లు వేళ్లుగా చీలి, సన్నబడి, ముడుచుకుంటుంది. ఆ ఆకును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. అది కాలిన ఆకు కాదు, మాడిన ఆకూ కాదు. ఆగకుండా, పద్ధతి లేకుండా పెరగమని ఆజ్ఞ అందుకున్న ఆకు. 2,4-డి నకిలీ ఆక్సిన్. మొక్క తన సొంత ఆక్సిన్‌ను అవసరం తీరగానే విరిచేసుకుంటుంది. దీన్ని అంత తేలిగ్గా విరవలేదు. వెడల్పాకు కలుపు ఆ పెరుగుదల తట్టుకోలేక చస్తుంది. వరి గడ్డిజాతి కాబట్టి తట్టుకుంటుంది.

తేడా అంతా మోతాదులో, కాలంలో. ఎకరానికి 80 శాతం పొడి మందు 400 గ్రాములు 200 లీటర్లలో కలుపుతారు కదా, లెక్క కట్టు. లీటరుకు 1,600 మిల్లీగ్రాములు. చాలా మొక్కల కాలస్‌కు మేం వాడేది లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. ఖర్జూరానికి మాత్రం 100 దాకా వెళ్తారు, 1979లో టిస్సెరాట్ అనే అమెరికన్ ఇచ్చిన పద్ధతి అది. నూరు చాలా ఎక్కువే. అందుకే నీ బొగ్గు. అదే సీసాలో లీటరుకు 3 గ్రాముల బొగ్గు పొడి ఉంటుంది. నూరులో ఎక్కువ భాగం బొగ్గు పట్టుకుంటుంది, ముక్కకు అందేది కొంతే. ఇంకో లాభం కూడా ఉంది. ఖర్జూరం ముక్క కోయగానే, కోసిన వంకాయలా నల్లబడి తన విషం తానే కక్కుకుంటుంది. ఉప్పునీళ్లలో వంకాయలు వేసుకున్నట్టు మేం బొగ్గులో దాన్ని కాచుకుంటాం.

ఇప్పుడు నా కథ. ల్యాబులో పామాయిల్ కాలస్ మీద పని. బొడిపెలు కనిపించాక ఆక్సిన్ తగ్గించాలి, కాగితం మీద లీటరుకు 0.1 మిల్లీగ్రాము అని ఉంది. ఆ సున్నా, ఆ చుక్క, చూసి కూడా నేను 1 మిల్లీగ్రాము లెక్కన స్టాక్, అంటే ముందే చిక్కగా కలిపి ఉంచుకున్న హార్మోను, తీశాను. రాత్రి పదకొండు, కరెంటు పోయి వచ్చింది, నిద్రమత్తు. సాకులు చాలా ఉన్నాయి. అలవాటైపోయి తర్వాతి బ్యాచీలూ అలాగే కలిపాను. మూడు నెలలు సీసాలు చూస్తూనే ఉన్నాం. భూతద్దం కింద బొడిపెలు సగ్గుబియ్యం గింజల్లా మెరుస్తూ, గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. కానీ అంతే. సగ్గుబియ్యం సగ్గుబియ్యంలాగే ఉండిపోయింది. సంఖ్య పెరుగుతోంది, ఒక్కదానికీ తలా లేదు, తోకా లేదు. ల్యాబు పెద్దాయన ఏసీని అనుమానించాడు, జెల్లీ గట్టిపడటానికి వేసే అగర్‌ను అనుమానించాడు, పాపం సీసాలు కడిగే ఆవిడను కూడా అనుమానించాడు. నెల రావాల్సిన స్టాక్ సీసా మూడు రోజుల్లో ఖాళీ అవుతోందని ఒక మధ్యాహ్నం నాకే వెలిగింది. రెండు రోజులు నోరు విప్పలేదు, అది కూడా ఒప్పుకుంటున్నాను. మూడో రోజు చెప్పాను. ఏమన్నారో ఇక్కడ రాస్తే పత్రిక వాళ్లు వేయరు.

మిగిలిన సీసాల్లో సగం హార్మోను లేని మీడియాలోకి మార్చాం. కొన్ని వారాలకు కొన్ని బొడిపెలు సాగాయి. ఒక చివర మొన తేలింది, ఇంకో చివర మొద్దుగా ఉండిపోయింది.

అది నీ ప్రశ్నకు జవాబు. గింజలో పెరిగే పిండంలో ఆక్సిన్ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. కణం నుంచి కణానికి ఒక దిక్కుకు పారుతుంది, కొన్ని చోట్ల చేరుతుంది. ఆ పారుదలను బట్టే పైన మొలక, కింద వేరు. చుట్టూ మీడియాలో ఆక్సిన్ నిండుగా ఉంటే కణానికి ఎటు చూసినా ఒకటే. నాలుగు దిక్కులా ఒకే వెలుతురుంటే తూర్పేదో ఎలా తెలుస్తుంది? ఇవ్వడం వల్ల కణం తన పాత పని మరిచిపోతుంది, ఆపడం వల్ల కొత్త పని మొదలెడుతుంది. పరీక్షలో రాయాల్సి వస్తే, ఆక్సిన్ పిండజననానికి ప్రేరకం, పిండ వికాసానికి ఆటంకం అని రాయి. రెండు మార్కులు గ్యారంటీ.

పిండం రూపు కట్టాక ఆబ్సిసిక్ ఆమ్లం కథ వేరే ఉంది. పిండాన్ని ముదరనిచ్చి, తొందరపడి మొలవకుండా ఆపే హార్మోను అది. తుఫాను వానల్లో వరి కంకి మీదే మొలకలొచ్చి రైతు నెత్తిన చేతులు పెట్టుకుంటాడే, అలాంటి వేళ కావలసిన పగ్గం అన్నమాట. సీసాలో పిండాలకు తల్లి గింజ లేదు కాబట్టి కొన్నిసార్లు ఈ పగ్గాన్ని మనమే వేయాల్సి వస్తుంది.

గుంటూరు పిల్లవు కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మీరు కలిపే ఎం.ఎస్. మీడియా పుట్టింది మన పొగాకు మీద. 1962లో మురాషిగే, స్కూగ్ పొగాకు ఆకు రసంలో ఏదో తెలియని హార్మోను దాగుందేమోనని వెతికారు. ఆ రసంలో కణజాలం విపరీతంగా పెరిగింది మరి. తీరా చూస్తే చాలావరకు అది హార్మోను మహిమ కాదు, ఆకులోని లవణాల మహిమ. ఆ లవణాల పాళ్లే వాళ్ల పేర్ల తొలి అక్షరాలతో ఎం.ఎస్. అయింది. అదే స్కూగ్ ల్యాబులో అంతకు ముందు 1955లో కైనెటిన్ అనే సైటోకైనిన్ దొరికింది. అదెక్కడి నుంచి అనుకున్నావు? చేప వీర్యం డీఎన్ఏ నుంచి. పాత సీసాలోది పనిచేసింది, కొత్తగా తెప్పించింది పనిచేయలేదు. కొత్తదాన్ని ఆటోక్లేవులో, అంటే సూక్ష్మజీవులను చంపే ఆవిరి కుక్కరులో, ఉడికించాక పనిచేసింది. మీ రికార్డులో ఆటోక్లేవ్ బొమ్మ వేసేటప్పుడు దాన్ని కాస్త గౌరవంగా వేయి.

ప్రశ్న: మేడమ్ గారూ, ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి వెళ్లినప్పుడు కొట్టిన కాయలో పువ్వు వచ్చింది. మా అత్తయ్య మహా శుభం అన్నారు. మా అబ్బాయి కాయ పాడైందన్నాడు. ఎవరి మాట నిజం? అది తినొచ్చా? నాటితే మొక్క వస్తుందా?
(ఒక గృహిణి, విజయవాడ వన్‌టౌన్)

జవాబు: మీ అత్తగారే గెలిచారు. పాడైన కాయలో పువ్వు రాదు. ప్రాణమున్న పిండం లేచి పని మొదలెడితేనే వస్తుంది.

కొరియర్‌లో వచ్చిన కాయ అన్నాను కదా, అది పంపినాయన కాగితం మీద రాసిన ప్రశ్న ఒకటే: "ఇందులో ప్రాణం ఎక్కడుంది?" పీచు తీశాను. మూడు కళ్లు. రెంటిని బొటనవేలితో నొక్కితే రాయి. మూడోది కాస్త లొంగింది. ఆ మెత్తటి కంటి చుట్టూ, కొబ్బరితో సహా, చాకుతో బిళ్లలా తవ్వి తీసి నెమ్మదిగా విరిచాను. తెల్లటి కొబ్బరిలో చిన్న గూడు, ఆ గూట్లో వరిగింజ కన్నా కొంచెం పెద్దదిగా, నున్నగా, మేకులా ఒకటి. అది పిండం. అంత చెట్టు మొత్తం అందులో ఉంది. కొరియర్ కుర్రాడు ఇంకా సంతకం కోసం గుమ్మంలోనే ఉన్నాడు, చూపించాను. "ఇంతేనా" అన్నాడు నిరాశగా.

కాయ మొలకెత్తే వేళ ఆ మేకు బయటి కొస కంటిలోంచి మొలకను తోస్తుంది. లోపలి కొస కాయ బోలులోకి ఉబ్బడం మొదలెడుతుంది. అదే మీరు చూసిన పువ్వు. నిజానికి పువ్వు కాదు, పిండం తాలూకు బీజదళం. చిక్కుడు గింజలో రెండు పప్పులు ఉంటాయే, వాటికి ఇది చెల్లెలు. స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటూ, కొబ్బరిని కరిగించి తాగుతూ, ఆ తిండి మొలకకు చేరవేస్తుంది. తియ్యగా ఉండేది అందుకే. హాయిగా తినండి. వాసన తేడాగా ఉంటే మాత్రం మానేయండి. దాన్ని విడిగా నాటితే మొక్క రాదు, పెరిగే మొన కంటి దగ్గరే ఉండిపోయింది. నాటాలంటే కాయను కొట్టకుండా నాటాల్సింది. అమ్మవారి దగ్గర అది కుదరదు.

ఆ మేకును మాత్రం సీసాలో పెంచొచ్చు. ఫిలిప్పీన్స్‌లో మకపునో అనే కొబ్బరి ఉంది. లోపల నీళ్లకు బదులు జున్నులా మెత్తటి కొబ్బరి నిండి ఉంటుంది, మంచి ఖరీదు. కానీ ఆ కాయ ఎన్నటికీ మొలవదు. పిండం ఆరోగ్యంగానే ఉంటుంది, పాడైంది దాని అన్నం. 1960లలో ఎమెరిటా డి గుజ్మాన్ అనే శాస్త్రవేత్త ఆ పిండాన్ని తీసి, చక్కెర, లవణాలున్న మీడియాలో పెట్టి మొక్కలు చేసింది. తల్లి పాలు పడని బిడ్డను పోతపాలతో పెంచినట్టు. మన కాసరగోడ్‌లోని తోట పంటల పరిశోధన సంస్థలోనూ కొబ్బరి పిండాలను సీసాల్లో పెంచుతారు. దేశాలు దాటించాలన్నా కాయల బస్తాల కన్నా పిండాల సీసాలు తేలిక.

ఇందులో చమత్కారం ఏమిటంటే, ప్రపంచంలో పిండాలను సీసాలో పెంచడం నేర్పిన వాటిలో కొబ్బరినీళ్లు ఒకటి. 1941లో వాన్ ఓవర్‌బీక్ అనే శాస్త్రవేత్త ఉమ్మెత్త లేత పిండాలను పెంచబోతే ఎంతకీ పెరగలేదు. కొబ్బరినీళ్లు కలిపాడు, పెరిగాయి. కారణం ఆలోచిస్తే సులువే. కొబ్బరినీళ్లంటే పిండం కోసం తల్లి దాచిన తిండి, ఇంకా గట్టిపడని రూపంలో. ఎవరి పిండానికైనా పనికొచ్చింది. అందులో జియాటిన్ అనే సైటోకైనిన్ ఉందని 1974లో తేలింది. ఇంత ఉపకారం చేసిన కొబ్బరి, తన సొంత టిష్యూ కల్చర్‌కు మాత్రం ఇప్పటికీ మొండికేస్తుంది. ముదురు చెట్టు నుంచి నకలు తీయడం పామాయిల్ కన్నా కష్టం. మా ల్యాబులో రెండేళ్లు ప్రయత్నించి నల్లబడిన ముక్కలు పారబోశాం.

ప్రశ్న: మిరపలో పూత రాలుతోంది. కొబ్బరినీళ్లలో హార్మోను ఉంటుంది, పుల్ల మజ్జిగతో కలిపి కొట్టమని ఫోన్‌లో వీడియో వచ్చింది. కొట్టమంటారా?
(మిరప రైతు, ప్రత్తిపాడు)

జవాబు: పై జవాబు చదివి ఇంకా హుషారొస్తుందని భయంగా ఉంది. కొబ్బరినీళ్లు సీసాలో, సూక్ష్మజీవి దూరని చోట, నూటికి పది పదిహేను పాళ్లు కలిపితే పనిచేసే మందు. మీ చేలో ఆకు మీద అది చక్కెర నీళ్లు. బూజుకు విందు. పూత నిలవడానికి కావలసింది ఆక్సిన్, కొబ్బరినీళ్ల పేరు మోసింది సైటోకైనిన్‌తో. ప్లానోఫిక్స్ అని మీరు వాడేది నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం అనే ఆక్సిన్, 4.5 శాతం. 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు. అంతకు మించొద్దు. ఇదే మందును ఆపిల్ తోటల్లో పిందెలు రాల్చడానికి కూడా కొడతారు. నా చుక్క కథ పైన చదివారు కదా.

నీటి ఎద్దడి, పేనుబంక, తామర పురుగు వల్ల రాలే పూతను ఏ హార్మోనూ ఆపదు. ముందు పువ్వు విప్పి చూడండి.

ప్రశ్న: టిష్యూ కల్చర్ మొక్క అంటే జన్యుమార్పిడి మొక్కేనా?
(పేరు రాయలేదు)

జవాబు: కాదు. పిలక నాటినట్టే, సీసాలో.

ప్రశ్న: రిటైరయ్యాక రేపల్లె దగ్గర మా పొలం గట్ల మీద వంద తాటి టెంకలు వేద్దామనుకుంటున్నాను. ఆడదో మగదో ముందే తెలుసుకునే వీలుందా? టిష్యూ కల్చర్‌లో ఆడ తాటిమొక్కలు దొరుకుతాయా?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, నర్సరీకి వెళ్లి కొనుక్కునే ఆడ తాటి టిష్యూ మొక్కలు లేవు. తాటికీ పామాయిల్‌లాగే ఒక్కటే మొవ్వు, ఆపైన పూతకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు. ఆడదని తేలేసరికి నకలు తీయాల్సిన చెట్టు ఇంటికన్నా పొడుగు ఉంటుంది. కంటితో చూసి మొక్కలో ఆడ, మగ చెప్పే గుర్తు లేదు. ఆకు పొడుగు, కాండం లావు అని చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఒక్కో చోట రెండు మూడు టెంకలు వేసుకుని, తర్వాత బలమైనది ఉంచుకోండి. ముంజలూ కల్లూ రెండూ గట్టు మీదకే వస్తాయి, మగ చెట్టూ కల్లు ఇస్తుంది కాబట్టి నష్టపోయేది ముంజల మేరకే. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి మీదే పని చేస్తారు, టెంకల ఎంపిక గురించి అక్కడ అడగండి.

వేసే చోటు మాత్రం ముందే ఖాయం చేసుకోండి. తాటి టెంక మొలక ఇతర గింజల్లా పైకి లేవదు. టెంకలోంచి ఒక గొట్టం బయటకొచ్చి నేలలోకి నిటారుగా దిగుతుంది. పిండం ఆ గొట్టం కొసన కూర్చుని తనే కిందకు ప్రయాణం చేస్తుంది. జానెడు, మూరెడు దిగాక అక్కడ ఆగి, అప్పుడు మొలక వేసుకుంటుంది. కాబట్టి మొలిచాక పీకి వేరేచోట నాటుదామంటే తెగేది మొక్కే. టెంకలో మిగిలిన తియ్యటి తెల్లటి గుల్ల, మీ చిన్నప్పుడు పగలగొట్టి తిన్న బుర్రగుంజు, పైన చెప్పిన కొబ్బరి పువ్వుకు తోబుట్టువు. నేలలో ఊరిన తొడుగు మనం కాల్చుకునే తేగ. దాన్ని నిలువునా చీలిస్తే మధ్యలో సన్నగా, పసుపు తెలుపు కలిసిన పుల్ల దొరుకుతుందే, మేం చందమామ అని ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కునేవాళ్లం, అదే రాబోయే తాటిచెట్టు తొలి ఆకు.

పాతర వేస్తే సంక్రాంతికి ఒక కట్ట పంపండి. తేగలు గలగలమనవు, మా కొరియర్ కుర్రాడు భయపడడు.